ఏజీ అభిప్రాయానికి ఫైలు పంపాలి, దారి చెప్పండి

ప్రశ్న: కాంట్రాక్టరు జరిమానా వివాదంలో అడ్వొకేట్ జనరల్ (ఏజీ, అంటే రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) అభిప్రాయం తీసుకోమని నోట్‌ఫైలులో రాశారు. నేరుగా ఏజీ ఆఫీసుకే పంపొచ్చా? ఆయన చెప్పింది పాటించి తీరాలా?

జవాబు: నేరుగా వద్దండి. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం తనకు రిఫర్ చేసిన న్యాయ విషయాల మీదే ఏజీ సలహా ఇస్తారు. ఆ రిఫరెన్సు న్యాయశాఖ మీదుగా వెళ్లాలి. చాలా సందేహాలు అక్కడే తేలిపోతాయి కూడా. జీపీ (గవర్నమెంట్ ప్లీడర్) పని వేరు, కోర్టులో నడుస్తున్న ప్రభుత్వ కేసులు ఆయన చూస్తారు.

ఫైలు వెనక్కొచ్చేది ఎక్కువగా ప్రశ్న దగ్గరే. ఇరవై పేజీలు రాసి చివర ‘తగు అభిప్రాయం తెలుపగలరు’ అంటే ఏం చెబుతారు? ‘ఒప్పందంలోని ఫలానా షరతు కింద జరిమానా వేసేముందు నోటీసు ఇవ్వడం తప్పనిసరా? ఇవ్వకుండా బిల్లులో కోసిన మొత్తం నిలుస్తుందా?’ అని అడగండి. తేదీలవారీ పట్టిక, ఒప్పందం పూర్తి ప్రతి, అవతలివాళ్ల ఉత్తరాలు, మీ శాఖ అభిప్రాయం జతచేయండి. మనకు ఇబ్బందిగా ఉన్న ఉత్తరం ముందే పెట్టాలి. అది దాచి తెచ్చుకున్న అభిప్రాయం మొదటి వాయిదాకే కూలుతుంది.

పాటించి తీరాలనేం లేదు, అది సలహా. కాదనుకుంటే కారణం ఫైలులో రాయాలి. నచ్చలేదని, కొత్త ఆధారమేదీ లేకుండా అదే ప్రశ్న మళ్లీ పంపకండి.

ప్రశ్న: ఆర్డరులో ‘ఏజీ అభిప్రాయం మేరకు’ అని రాస్తే మనం సేఫ్ కదా సార్?

ఇంకో జవాబు: సరిగ్గా అక్కడే దొరికిపోతారు. చట్టం అధికారం ఇచ్చింది ఆ అధికారికి, లాయరుకు కాదు. సొంతంగా ఆలోచించలేదని ఆర్డరు కొట్టేస్తారు. కారణాలు ఆర్డరులోనే, మీ మాటల్లో ఉండాలి. తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టలేరని సుప్రీంకోర్టు మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977లోనే చెప్పింది. పైగా అభిప్రాయాన్ని ఆర్డరులో ఎత్తిరాస్తే, అది రహస్యమని వాదించడం కష్టం.

విషయం హైకోర్టు తీర్పు మీద అప్పీలైతే ఇంకోటి. అభిప్రాయం రాలేదని గడువు ఆగదు. సుప్రీంకోర్టులో ఎస్‌ఎల్‌పీకి (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే పిటిషనుకు) మామూలుగా 90 రోజులు. ఫైలు బల్లలు తిరిగిందన్న సాకును 2012లో లివింగ్ మీడియా కేసులో ఒప్పుకోలేదు, అక్కడ ఆలస్యం 427 రోజులు. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి, ఆ కాపీకి పట్టిన రోజులు గడువు లెక్కలోకి రావు.