మెస్సర్‌ష్మిట్ 109: జీ-10 ఆ, కే-4 ఆ?

ప్రశ్న (కడప):
1945 మేలో జర్మనీలో అమెరికా సైనికులు తీసిన జర్మన్ యుద్ధవిమానం మెస్సర్‌ష్మిట్ 109 మసక ఫోటో చూసి 1/48 (అసలు సైజులో 48వ వంతు) మోడల్ కడుతున్నా. తోక చక్రం పొడుగ్గా, కిందికే ఉంది, కాబట్టి దాని రకాల్లో జీ-10 అనుకున్నా. మా ఫ్రెండ్ కే-4 అని ఒకటే పట్టు. ఎట్లా తేల్చాలన్నా? రంగు డబ్బాలు తెరిచి కూర్చున్నా.

జవాబు (కర్నూలు):
చక్రాన్ని నమ్మొద్దు తమ్ముడూ. పొడుగు చక్రం రెండింటికీ ఉంది. కే-4లో అది లోపలికి ముడుచుకోవాలి, కానీ చాలాచోట్ల కిందికే బిగించేసినారు. ఎడమవైపు రేడియో తలుపు చూడు. కే-4లో అది ముందుకు, కాస్త పైకి జరిగింది. నేనైతే ముందు అదే చూస్తా. సరిగ్గా అక్కడే ఎవడో ఫోజు పెట్టి నిలబడి ఉంటాడు, అది వేరే సంగతి!

జవాబు (అనంతపురం):
తోక మీద తయారీ నంబర్ 332తో మొదలైతే కే-4. అయితే తోక వేరే విమానానిది కావచ్చు, ఆఖరి నెలల్లో పాడైన వాటి భాగాలు పీకి వాడుకున్నారు. ఇక రంగంటావా, ఆర్‌ఎల్‌ఎం (అప్పటి జర్మన్ విమానశాఖ) రంగుల్లో 81 నంబర్‌ది ఒకచోట గోధుమ, ఇంకోచోట ఆకుపచ్చ. నలుపు తెలుపు ఫోటోలో 83 నంబర్ రంగు నుంచి దాన్ని విడదీయడం నా వల్ల కాదు.

ప్రశ్న అడిగినవారు:
తలుపు దగ్గరే నిలబడినాడన్నా మహానుభావుడు! మోచేయి పక్కన అంచు మాత్రం కనిపిస్తోంది. రాత్రికి పెద్ద స్కాన్ పెడతా, చూసి చెప్పండి.