ఫైల్ పేర్లలో యాక్సెంట్ అక్షరాలు: ఉంచాలా, తీసేయాలా?

రాత్రిషిఫ్ట్:
మాది ఫ్రెంచ్ నేర్పే సైట్. బొమ్మల ఫైళ్ల పేర్లలో గీతలున్న (యాక్సెంట్) అక్షరాలు బోలెడు. మ్యాక్‌లో చక్కగా తెరుచుకున్న పేజీ, లినక్స్ సర్వర్‌కి ఎక్కించాక కొన్ని బొమ్మలకు 404 (ఫైల్ దొరకలేదు) ఇస్తోంది. చూస్తే ఫైల్ అక్కడే ఉంది, పేరూ అదే! పేర్లన్నీ గీతల్లేని అక్షరాల్లోకి మార్చేయమంటున్నారు మా సీనియర్. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

బైట్‌పిచ్చి:
మీ కంటికి అదే పేరు, సర్వర్‌కి కాదు. గీతతో కలిపి ఒకే కోడ్‌పాయింటుగా (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చిన నంబరు) రాస్తే ఆ అక్షరం యూటీఎఫ్-8లో, అంటే ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతిలో, 2 బైట్లు. అక్షరం వేరు, గీత వేరుగా రాస్తే 3. మొదటిది ఎన్ఎఫ్‌సీ, రెండోది ఎన్ఎఫ్‌డీ. మ్యాక్‌లో పాత ఫైల్ సిస్టం హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి దాచేది. 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది కానీ, వెతికేటప్పుడు రెండూ ఒకటే అనుకుంటుంది. అందుకే మీ దగ్గర పనిచేసింది. లినక్స్‌లో ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం మామూలుగా బైట్లే పోలుస్తుంది. గీతలు తీసేయక్కర్లేదు, అన్నీ ఎన్ఎఫ్‌సీలోకి మార్చండి చాలు. ఫైల్ పేర్లను ఇలా మార్చే ప్రోగ్రాం కాన్వ్‌ఎంవీ ఉంది కదా. ఊరికే నడిపితే ఏం మారుస్తుందో చూపిస్తుందంతే, నోటెస్ట్ అని చెబితేనే నిజంగా మారుస్తుంది.

పాతకాపు:
బైట్‌పిచ్చి గారూ, ఫైల్ ఆ సర్వర్‌లోనే కూర్చుంటుందా? రేపు జిప్ చేస్తారు, ఇంకో హోస్టింగ్‌కి మారుస్తారు. నేను ఒక పాత లాటిన్-1 (యూనికోడ్‌కి ముందరి అక్షరాల పద్ధతి) సైట్‌ని అలాగే మార్చాను. దారిలో ఏదో ప్రోగ్రాం గీతలున్న ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకం చేసేసింది. ఏది ఏ అక్షరమో ఇక తెలిసే దారే లేదు. సీనియర్ మాట వినండి.

జల్లెడ:
గీతలు తీసేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పరే! ఫ్రెంచ్‌లో పెష్ అంటే చేపల వేట, పెషే అంటే పాపం. గీతలు పోతే రెండింటి స్పెల్లింగూ ఒకటే. ఒకే ఫోల్డర్‌లో ఉంటే వేట మీద పాపం పడి చెరిగిపోతుంది :) ఇంగ్లీషు అక్షరాలే ఉంచుతామంటే, తెలుగు పేరైతే చుక్క, జేపీజీ తప్ప ఏమీ మిగలదు. డిస్క్ మీద నంబరు, అసలు పేరు డేటాబేస్‌లో పెట్టండి. డౌన్‌లోడ్‌లో అసలు పేరు పంపడానికి హెడర్ (ఫైల్‌తో పాటు సర్వర్ పంపే వివరం) ఉండనే ఉంది.

పాతకాపు:
డేటాబేస్ పోయిన రోజున ఆ నంబర్ల ఫోల్డర్ ఎవరు చదువుతారు? పైగా వాళ్లది వట్టి హెచ్‌టీఎంఎల్ సైట్‌లా ఉంది. పెష్ సంగతి మాత్రం ఒప్పుకుంటాను, అలాంటి జంటలు ముందే వెతకాలి.

బైట్‌పిచ్చి:
ఇది ఫ్రెంచ్ గొడవే అనుకోకండి. మన ఐత్వం కూడా ఒక్క కోడ్‌పాయింటుగా 3 బైట్లు, ఎత్వం, కింది గుర్తు అని విడగొడితే 6. ఎక్స్‌టీ4లో పేరుకి 255 బైట్లే కాబట్టి తెలుగు పేరు 85 కోడ్‌పాయింట్లు దాటదు.

రాత్రిషిఫ్ట్:
దొరికింది! ఎలేవ్ అన్న మాట (ఐదక్షరాలు, రెండింటికి గీతలు) లింకులో 7 బైట్లు, డిస్క్ మీద 9. కాపీ తీసి పెట్టుకుని కాన్వ్‌ఎంవీ నడిపాను, బొమ్మలు వచ్చేశాయి. రెండు ఫైళ్ల దగ్గర మాత్రం ఆ పేరుతో ఇంకో ఫైల్ ఉందని ఆగిపోయింది. 404 చూసి ఎవరో మళ్లీ ఎక్కించినట్టున్నారు. ఏది కొత్తదో తేల్చాలి. ఇక నుంచి వచ్చే ఫైళ్ల పేర్ల గురించి సీనియర్‌తో రేపు మాట్లాడతాను, పెష్ ఉదాహరణ పట్టుకెళ్తున్నా.