పార్వో కుక్కపిల్లలను చేర్చుకోవాలా, వద్దా?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి):
వీధి జంతువుల ఆశ్రమానికి అనుబంధంగా నడిచే చిన్న ఆసుపత్రి బాధ్యత నాకు అప్పగించి నాలుగు నెలలైంది. ఓపీ చీటీ యాభై రూపాయలు. ఉన్నవి పద్నాలుగు బోనులు, ఇద్దరు సహాయకులు. పది రోజుల క్రితం ఒక ఆటో డ్రైవరు నెత్తురు విరేచనాలతో ఉన్న కుక్కపిల్లను గోనెసంచిలో తెచ్చాడు. కాదనలేక చేర్చుకున్నాను. అది బతికింది. ఆరో రోజున దత్తతకు ఉంచిన నాలుగు పిల్లలకు వాంతులు మొదలై మూడు పోయాయి. వాటికి మొదటి టీకా కూడా వేశాం. ఇకపై పార్వో (కుక్కపిల్లలకు ఇలా నెత్తురు విరేచనాలు, వాంతులు తెచ్చే అంటు వైరస్ జబ్బు) కేసులు తీసుకోవద్దని కమిటీ అంటోంది. నేనేం చేయాలి?

జవాబు (రిటైరైన పశువైద్యుడు, హైదరాబాద్):
అమ్మా, ఆ పిల్లను చేర్చుకోవడం తప్పు కాదు, లోపలికి తేవడం తప్పు. ఇలాంటి కేసును ఆటోలోనే చూడాలి. ఒక్క టీకాతో ధీమా పడకూడదు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ అడ్డుపడి తొలి డోసు చాలా పిల్లల్లో పనిచేయదు, అందుకే పదహారు వారాల వయసు వచ్చే దాకా మళ్లీ మళ్లీ వేస్తాం. ఇంతకీ నేల దేనితో కడుగుతున్నారు? ఫినాయిలు వాసనకు మనుషులు తృప్తి పడతారు గానీ పార్వో చావదు. స్పిరిట్‌కూ లొంగదు. ముందు మలం పూర్తిగా కడిగేసి, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి, పది నిమిషాలు నేల తడిగా ఉంచండి. ఏ రోజు ద్రావణం ఆ రోజే. మట్టి నేలైతే ఇది పనికిరాదు, అక్కడ వైరస్ నెలల తరబడి ఉంటుంది. ఆ మూలకు పిల్లలను పోనివ్వకండి. కమిటీ వారిని ఎక్స్‌రే యంత్రం తర్వాత అడగవచ్చు. ముందు ఒక విడి గది అడగండి, పాత స్టోరు గదైనా సరే.

జవాబు (ఆశ్రమంలో కాంపౌండరు, గుంటూరు):
డాక్టరు గారూ, గది ఇచ్చినా అటూ ఇటూ తిరిగే మనిషి ఒకడేగా. మా దగ్గర పొద్దున్నే ముందు పిల్లలకు, తర్వాత ఆపరేషనైన వాటికి, అన్నిటికన్నా చివర జబ్బువాటికి పెడతాం. ఆ గది గుమ్మంలో వేరే చెప్పులు, లోపల వేరే బకెట్. ఎర్ర రంగు పూసిన బకెట్ బయటికి వస్తే ఆ రోజు టీ ఖర్చు తెచ్చినవాడిదే. మీ దగ్గర ఆ పది రోజుల్లో తుడుపుగుడ్డలు ఎన్ని వాడారో ఒకసారి అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అడిగాను. ఒకటే. జబ్బు పిల్ల బోను తుడిచి, అదే గుడ్డతో పక్క వరుస తుడిచారట. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, కళ్లకు ఆనలేదు. సర్, స్టోరు గది ఖాళీ చేయిస్తున్నాను. బతికిన పిల్లను మాత్రం ఆటో డ్రైవరే పెంచుకుంటానన్నాడు. మిగిలిన టీకాల తేదీలు అతని ఫోనులోనే రాసి ఇచ్చాను.