రెజ్జీ బుష్‌కు హైస్‌మన్ ట్రోఫీ తిరిగి ఇవ్వడం సబబేనా?

కొలీజియం_పాతకాపు:
అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో ఏటా ఒక్కరికే దక్కే గౌరవం హైస్‌మన్ ట్రోఫీ. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున ఆడిన రెజ్జీ బుష్ 2005లో దాన్ని గెలిచి, ఏజెంట్ల దగ్గర డబ్బు తీసుకున్నాడన్న వివాదంలో 2010లో వదులుకున్నాడు. 2024 ఏప్రిల్ 24న ఆ ట్రోఫీ ఇచ్చే హైస్‌మన్ ట్రస్టు తిరిగి అప్పగించింది. నా దృష్టిలో ఇది చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం. 2005 నవంబరులో ఫ్రెస్నో స్టేట్‌తో జరిగిన ఆట చూసినవారెవరూ మరిచిపోలేరు. ఎడమ గీత వెంబడి దూసుకుపోతూ ఉన్నపళంగా ఆగాడు, బంతిని వీపు వెనకనుంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు, మైదానానికి అడ్డంగా పరుగెత్తి అవతలి గట్టు చేరాడు. పరుగులు, క్యాచ్‌లు, కిక్ రిటర్న్‌లు కలిపి ఆ ఒక్క రాత్రే 513 గజాలు! ఆ ఏడాది బంతి పట్టి పరుగెత్తిన ప్రతిసారీ సగటున 8.7 గజాలు సాధించాడు. ఆ కాళ్లను ఏ ఏజెంటు డబ్బిచ్చి కొన్నాడు?

ఆస్టిన్_నివాసి:
ఆటలో అతనికి సాటి లేడని నేనూ ఒప్పుకుంటాను. 2006 జనవరిలో రోజ్ బౌల్‌లో (సీజన్ ముగిశాక ఎంపికైన జట్లు ఆడే బౌల్ ఆటల్లో ఒకటి) మా టెక్సాస్ బుష్ జట్టుపై 41-38తో గెలిచినా, ఆ రాత్రి బుష్ చేతికి బంతి వెళ్లిన ప్రతిసారీ మాకు గుండె దడే. కానీ ఏజెంట్ల దగ్గర డబ్బు, కానుకలు తీసుకున్నాడని, తల్లిదండ్రులు వాళ్ల ఇంట్లో అద్దె లేకుండా ఉన్నారని కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తేల్చింది. ఆటగాళ్లు అలా డబ్బు తీసుకోకూడదన్న ఆనాటి నియమం అతనికి తెలియనిది కాదు. ఆ తప్పుకు శిక్ష ఎవరికి పడింది? అతని జట్టుకు రెండేళ్లు బౌల్ ఆటల నిషేధం, 30 స్కాలర్‌షిప్‌ల కోత. అవి అనుభవించినవాళ్లు బుష్ ఆడేనాటికి ఇంకా బడిపిల్లలు.

కొలీజియం_పాతకాపు:
నియమం సంగతే చూడండి. 5వ నంబరు చొక్కాలు అమ్ముడుపోయాయి, స్టేడియం నిండింది, టీవీ డబ్బు వచ్చింది. ఆ పరుగులు తీసిన కుర్రాడు మాత్రం చేయి చాపకూడదు! 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద బాహాటంగా సంపాదించుకుంటున్నారు. ఆనాటిది అన్యాయమైన కట్టుబాటని వ్యవస్థే ఒప్పుకున్నట్టు కాదా?

డ్రిల్లు_మాస్టారు:
బాబూ, పిల్లలకు ఆటలు నేర్పినవాడిగా ఒక మాట. నియమం ఇవాళ మారిందని నిన్న దాన్ని మీరినవాడికి ట్రోఫీ ఇస్తే, నిన్న ఇబ్బందులు పడుతూ కూడా దాన్ని పాటించినవాడికి ఏమిస్తాం? ఆ కుర్రాళ్లలోనూ పేద ఇళ్లవాళ్లు ఉన్నారు. మరో సంగతి. ట్రోఫీ ట్రస్టుది, గెలుపుల లెక్క ఎన్‌సీఏఏది. జట్టుకు ఆనాడు రద్దు చేసిన 14 విజయాల ప్రస్తావన ట్రస్టు నిర్ణయంలోకి రానే రాదు. బుష్‌తో కలిసి చెమటోడ్చిన మిగతావాళ్ల మాటేమిటి?

కొలీజియం_పాతకాపు:
మాస్టారూ, మీ ప్రశ్న నన్ను కలవరపెట్టింది. 2011లో మా జట్టు పది గెలిచి రెండే ఓడింది. అయినా బౌల్ ఆట లేకుండానే ఇంటికి వెళ్లింది. ట్రోఫీ బుష్‌దే, అందులో నాకు సందేహం లేదు. అయితే మా జట్టు సొంత స్టేడియం కొలీజియంలో అతన్ని సత్కరించే రోజున ఆ 2011 జట్టును కూడా పిలిచి పక్కన నిలబెట్టాలి. ముందు పేర్లు చదవాల్సింది వాళ్లవే.

ఆస్టిన్_నివాసి:
దానికి నేనూ చప్పట్లు కొడతాను. ట్రోఫీ విషయంలో మాత్రం నా మాట మారలేదు.