34వ వారం, బిడ్డ తల పైకే ఉంది. ఆపరేషన్ తప్పదా?

అక్కలూ, నాకిది మొదటి కాన్పు. నిన్న స్కాన్‌లో బ్రీచ్ అని రాశారు, తల నా పక్కటెముకల కింద గట్టిగా బంతిలా చేతికి తగులుతోంది. డాక్టరమ్మ రెండు నిమిషాలైనా మాట్లాడకుండా సిజేరియన్‌కి రెడీగా ఉండమన్నారు. అత్తయ్యేమో మంత్రసానితో పొట్ట రుద్దిస్తే తిరుగుతుందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: పొట్ట మాత్రం ఎవరిచేతా రుద్దించుకోవద్దమ్మా, ప్రమాదం. ఇంకా టైముంది, చాలామంది పిల్లలు 36 వారాల లోపు వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. మావాడు తిరగలేదు. 37వ వారంలో ఈసీవీ చేశారు, అంటే స్కాన్‌లో చూస్తూ, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ పొట్ట మీద నుంచే చేతులతో తిప్పడం. నొప్పి బాగానే ఉంది కానీ కొన్ని నిమిషాల్లో అయిపోయింది, మామూలు కాన్పే అయింది. అందరికీ కాదు, దాదాపు సగం మందికే తిరుగుతుంది.

జవాబు: నాకు మాయ కిందికి ఉందని ఈసీవీ వద్దన్నారు, సిజేరియనే చేశారు, ఇద్దరం బాగున్నాం. 36లో మళ్లీ స్కాన్ అడుగు. మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది, ఇక్కడ ఈసీవీ చేస్తారా అని కాగితం మీద రాసుకుని వెళ్లు. ఉమ్మనీరు పోతే మాత్రం నొప్పుల కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తు, బొడ్డుతాడు జారొచ్చు.

రాసుకున్నానక్కా. అత్తయ్యకి కూడా చదివి వినిపించాను.