పింగ్ బాగానే ఉంది, ఫైల్ కాపీ మాత్రం కదలదు: స్విచ్ పోర్ట్ సెట్టింగ్ సందేహం

మిల్లు కంప్యూటర్లు:
మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ల పని చూస్తుంటాను. ఆఫీసులో పాత సిస్కో 2960 గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్ ఉంది. 7వ పోర్ట్ నుంచి కాటా గదిలో పీసీకి కేబుల్ వెళ్తుంది. పింగ్ (అవతలి మెషిన్ పలుకుతోందా అని పంపే చిన్న పలకరింపు) కొడితే 1 మిల్లీ సెకండ్‌లో జవాబు. ట్యాలీ బ్యాకప్ కాపీ పెడితే మాత్రం నత్తనడక, మధ్యలో ఆగిపోతుంది కూడా. లారీ కాటా మీద ఉండగా ఇలా అయితే డ్రైవర్ల చేత మాటలు పడాలి. నాకంటే ముందు చేసినతను పోర్ట్‌లో 'స్పీడ్ 100', 'డూప్లెక్స్ ఫుల్' పెట్టి వెళ్లాడు. పీసీలో ఆటో ఉంది. ఫుల్ అంటే మంచిదే కదండీ?

ర్యాక్ రూమ్:
మంచిదే, రెండు వైపులా ఉంటే. ఫుల్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి; హాఫ్ అంటే ఒకసారికి ఏదో ఒకటే. స్పీడూ డూప్లెక్సూ రెండూ బిగించేస్తే స్విచ్ ఆటో నెగోషియేషన్ (రెండు వైపులా మాట్లాడుకుని అవి తేల్చుకోవడం) మానేస్తుంది. అవతల జవాబు లేక పీసీ సిగ్నల్‌ని బట్టి 100 అని పసిగడుతుంది. డూప్లెక్స్ తెలిసే దారి లేదు కాబట్టి హాఫ్‌కి పోతుంది. ఈథర్‌నెట్ స్టాండర్డ్ చెప్పేదీ అదే. ఇక స్విచ్ ఇష్టమొచ్చినప్పుడు పంపుతుంటే, పీసీ కొలిజన్ (రెండు సిగ్నళ్లు ఢీకొనడం) అనుకుని తన ఫ్రేమ్‌ని (డేటా ముక్కని) సగంలో తుంచేస్తుంది. పింగ్‌లో రద్దీ ఉండదు, అందుకే బయటపడదు. స్విచ్‌లో 'షో ఇంటర్‌ఫేసెస్' కమాండ్ కొట్టి సీఆర్‌సీ (చెడిపోయి వచ్చిన ఫ్రేములు), రంట్స్ (తెగిపోయిన పొట్టి ఫ్రేములు) లెక్కలు పెరుగుతున్నాయేమో చూసి, రెండూ ఆటో చేసేయండి.

మిల్లు కంప్యూటర్లు:
సీఆర్‌సీ వేలల్లో ఉంది. ఆటో చేస్తే లింక్ లైటే ఆరిపోయింది! పాతది పెడితే మళ్ళీ వెలిగింది.

కేబుల్ బాబాయ్:
అయితే ముందతను ఊరికే పెట్టలేదు. 100కి 1, 2, 3, 6 పిన్నుల రెండు జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నెగోషియేషన్ జరిగేది ఆ రెండు జతల మీదే. అక్కడ ఇద్దరూ గిగాబిట్‌కి ఒప్పేసుకుంటారు, తీరా చూస్తే మిగతా జతలు ఉండవు. కొన్ని కార్డులు వాటంతటవే 100కి దిగుతాయి, మీది దిగినట్టు లేదు. కాటా గదిలో జాక్ విప్పి చూడండి. ఒకే కేబుల్‌ని చీల్చి కెమెరాకి కూడా ఇచ్చేసే మహానుభావులు మన దగ్గర కొల్లలు.
కొత్త కేబుల్ లాగేదాకా 'స్పీడ్ ఆటో 10 100', 'డూప్లెక్స్ ఆటో' ఇవ్వండి. గిగాబిట్ ఊసెత్తకుండా మాట్లాడుకుంటాయి.

ర్యాక్ రూమ్:
పీసీలో కూడా 100 ఫుల్ పెట్టేస్తే పోదా బాబాయ్?

కేబుల్ బాబాయ్:
పోతుంది, ఎవరో ఆ పీసీ మార్చేదాకా. కొత్తది ఆటోలోనే వస్తుంది, మళ్ళీ ఇదే గొడవ.

మిల్లు కంప్యూటర్లు:
విప్పాను. నీలం జత, గోధుమ జత గేటు కెమెరాకి వెళ్తున్నాయి! మీరు చెప్పినట్టు పెట్టాక రెండు వైపులా 100 ఫుల్ చూపిస్తోంది. కౌంటర్లు క్లియర్ చేసి బ్యాకప్ పెట్టాను, సీఆర్‌సీ సున్నా దగ్గరే ఉంది. థాంక్స్ బాబాయ్.

కేబుల్ బాబాయ్:
'రైట్ మెమరీ' కొట్టారా? లేకపోతే కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగే ఉంటుంది.