ఇంట్లో లిబ్రే ఆఫీస్, బడిలో వర్డ్: రెండు పేజీల పేపరు మూడు పేజీలైంది

గుండ్లకమ్మ:
పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మరీ నెమ్మదించిందని, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయించాను. అందులో వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే లిబ్రే ఆఫీస్ హాయిగానే ఉంది. నేను ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతాను. బడిలో వర్డ్‌లో కొట్టిన పాత ప్రశ్నపత్రాన్ని ఇంట్లో తెరిచి, ప్రశ్నలు మార్చి, వర్డ్ ఫైలు (డాక్స్)గానే సేవ్ చేశాను. సరిగ్గా రెండు పేజీలు. మర్నాడు జిరాక్స్ షాపులో తెరిస్తే మూడు! 'జతపరచండి' పట్టికలో మూడు వరుసలు ఒక పేజీలో, రెండు వరుసలు తర్వాతి పేజీలో. గంటలో పరీక్ష, టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

పెన్‌గంగ:
టీచర్ గారూ, తెలుగు వాక్యం మధ్యలో కర్సర్ పెట్టి పైన ఫాంట్ పేరు చూడండి. పేరు వాలిన అక్షరాల్లో ఉంటే ఆ ఫాంట్ మీ సిస్టంలో లేనట్టే. వేరేదాంతో చూపిస్తోంది.

గుండ్లకమ్మ:
అవునండీ, 'గౌతమి' అని వాలుగా ఉంది.

పెన్‌గంగ:
అదే సంగతి. గౌతమి మైక్రోసాఫ్ట్‌ది, లినక్స్‌తో రాదు. విండోస్ 10 నుంచి అక్కడ కూడా విడిగా వేసుకోవాలి, నేరుగా వచ్చేది నిర్మలా యూఐ. ఇంగ్లిషుకు ఈ బాధ తక్కువ. కాలిబ్రి ఫాంట్ లేకపోతే లిబ్రే ఆఫీస్ అదే వెడల్పున్న కార్లిటో, కేంబ్రియా లేకపోతే కలాడియా వాడుకుంటుంది, లైన్లు కదలవు. తెలుగులో పైన గుడి, కింద వత్తు. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలకు ఒక్కో ఫాంట్ ఒక్కో ఎత్తు తీసుకుంటుంది. లైనుకు వెంట్రుకవాసి తేడా చాలు, పేజీ చివరికి వచ్చేసరికి పట్టిక కిందికి జారిపోతుంది. మండలి లాంటి ఉచిత ఫాంట్ రెండుచోట్లా వేసుకుని అందులోనే కొట్టండి.

మంజీర:
ఇంకో చిక్కు కూడా చెప్పాలి. స్టైల్‌లో (పేరాల రూపం ఒకేచోట నిర్ణయించే సెట్టింగ్) సైజు 14 పెట్టినా తెలుగు అక్షరాలు పెరగడం లేదని నేను రెండు రోజులు కొట్టుకున్నాను. లిబ్రే ఆఫీస్ తెలుగును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (గుణింతాలు, వత్తులు కలిసే లిపుల పద్ధతి) కింద లెక్కేస్తుంది, ఇంగ్లిషుకు వేరు, దానికి వేరు సైజు. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో అది ఆన్ చేస్తే స్టైల్‌లో రెండూ కనిపిస్తాయి. నేను పెంచింది ఇంగ్లిషు సైజు!

పద్దుపుస్తకం:
నాది అకౌంట్స్ పని. ఎక్స్‌లుకప్ (పట్టికలో విలువ వెతికి తెచ్చే ఫార్ములా) ఉన్న ఎక్సెల్ షీట్లు పాత లిబ్రే ఆఫీస్‌లో ఎర్రర్ ఇచ్చేవి. 2024 ఆగస్టులో వచ్చిన 24.8 వెర్షన్‌లో ఆ ఫార్ములా చేర్చారు, అప్పటినుంచి ఇబ్బంది లేదు. మాక్రోలు (పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఫైళ్లు మాత్రం ఇప్పటికీ ఎక్సెల్‌లోనే తెరుస్తాను, జీతాల షీటుతో ప్రయోగాలు వద్దు.

పెన్‌గంగ:
టీచర్ గారూ, ప్రింటుకు పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి. డాక్స్ మార్పులకు మాత్రమే.

గుండ్లకమ్మ:
పేపరంతా మండలిలోకి మార్చాను. మొదట రెండున్నర పేజీలైంది, లైన్ల మధ్య ఎడం తగ్గిస్తే రెండులో సరిపోయింది. పీడీఎఫ్ తీసుకెళ్తే షాపులో ఉన్నదున్నట్టు వచ్చింది, పట్టిక విరగలేదు. హెడ్మాస్టర్ గారిని అడిగి బడి కంప్యూటర్‌లోనూ మండలి వేయించాను. ఇక పాత పేపర్లు పదకొండు ఉన్నాయి, ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ మారుస్తాను. అందరికీ చాలా థాంక్సండీ.